రాయి దొరక్కపోతే రైతు లేనట్టేనా?

తెనాలి నుంచి రేపల్లె దాకా రైలు కట్ట వెంబడి నడిచినా, పట్టాల కింద పోసిన కంకర తప్ప పిడికెడు రాయి కనపడదు. ఆ కంకర కూడా ఈ నేలది కాదు, ఎక్కడో కొండను పేల్చి తెచ్చి పోసింది. బాపట్ల వైపు దిగితే ఒండ్రు పోయి ఇసుక వస్తుంది గాని రాయి మాత్రం రాదు. ఇంట్లోకి రోలు కావాలన్నా, గడప ముందు మెట్టు కావాలన్నా, గుడికి స్తంభం కావాలన్నా ఈ సీమవాళ్లకు బయటి రాయే దిక్కు. ఇంత ఎదురుగా కనిపిస్తున్న సంగతిని పక్కనబెట్టి, మన ప్రాంత చరిత్ర చెప్పేవాళ్లు చాలామంది ఒక తీర్పు ఇచ్చేస్తుంటారు. ఈ కృష్ణా డెల్టాలో కొత్తరాతియుగపు పనిముట్లు దొరకలేదు కాబట్టి ఆది వ్యవసాయంతో దీనికి సంబంధం లేదట. సేద్యం మొదలైంది బళ్లారి, కర్నూలు, పాలమూరు మెట్టల్లోనట. ఇక్కడికది ఇనుముతోనో, బౌద్ధంతోనో తయారు సరుకుగా దిగిందట.

కొత్తరాతియుగంలో రేపల్లె చుట్టుపక్కల సేద్యం జరిగిందని రుజువు చేయడానికి నేను పూనుకోవడం లేదు. లేదనడానికి వాళ్లు చూపిస్తున్నది సాక్ష్యమే కాదంటున్నాను. అంతకన్నా ముఖ్యం, ఆ తీర్పు వెనకున్న కొలబద్దే వంకర. రాతి పనిముట్టును బట్టి రైతును గుర్తుపట్టడం డెల్టాకే కాదు, రాళ్లు గుట్టలుగా ఉన్న బళ్లారికి కూడా సరిపోని పద్ధతి.

ఈ కొలబద్ద మన దగ్గర తయారైంది కాదు. 1865లో జాన్ లబ్బాక్ ఇంగ్లండులో రాసిన పుస్తకంలో రాతియుగాన్ని పాతది, కొత్తది అని రెండు చేశాడు. కొత్తదానికి ఆయన పెట్టిన గుర్తు నునుపు చేసిన రాయి. పంటతో ఆ గుర్తుకు పని లేదు. తర్వాత 1936లో పురావస్తు శాస్త్రవేత్త గోర్డన్ చైల్డ్ వచ్చి ఆ కొత్తరాతియుగానికే వ్యవసాయ విప్లవాన్ని జోడించాడు. అక్కణ్నుంచి నునుపు గొడ్డలి అంటే సేద్యం, సేద్యం అంటే నునుపు గొడ్డలి. మన పాఠ్యపుస్తకాలు, పోటీ పరీక్షల గైడ్లు ఇవాళ్టికీ ఇదే వల్లిస్తున్నాయి. బొమ్మలో గొడ్డలి పట్టుకున్న మగవాడు నిలబడి ఉంటాడు, పక్కన నాలుగు కంకులు. ఆ గొడ్డలితో ఆ కంకుల్లోంచి గింజ ఎలా రాలిందని ఎవరూ అడగరు. గొడ్డలి చెట్టు నరకడానికి, కర్ర చెక్కడానికి పనికొస్తుంది. కోతకు, నూర్పిడికి, దంపుడికి దానితో పనేముంది?

నూర్పిడి సంగతే తీసుకుందాం. ఆది రైతుల పనిముట్ల గురించి మాట్లాడేటప్పుడు అందరూ హడావుడిగా దాటిపోయే చోటు అదే.

కోత యంత్రాలు రాకముందు మన డెల్టాలో వరి ఎలా ఇంటికి చేరిందో పెద్దవాళ్లందరికీ తెలుసు. కోసిన పైరు పనలుగా పొలంలో ఆరేది. ఆరాక మోపులు కట్టి మెరక మీద కుప్ప వేసేవారు. కుప్ప కొన్నాళ్లు మాగేది. చలి ముదిరాక కళ్లం చదును చేసి, నీళ్లు చల్లి, పేడతో అలికేవారు. మోపు విప్పి బల్ల మీదో, నేల మీదో బాదితే ముప్పాతిక గింజ అక్కడే రాలిపోయేది. మిగిలినదాన్ని పరిచి ఎడ్లను వరసగా కట్టి గుండ్రంగా తిప్పితే వాటి గిట్టల కింద నలిగి రాలేది. ఆ పైన గడ్డి విదిలించి, చేటతో ఎత్తు నుంచి గాలికి వదిలి తూర్పారబట్టేవారు. తాలు ఒక పక్క, గట్టి గింజ ఒక పక్క. చాకలికి, మంగలికి, వడ్రంగికి మేరలు కొలిచేది కూడా అక్కడే. గడ్డి వామికి, గింజ పురికో గాదెకో పోయేది.

ఈ మొత్తం పనిలో వాడిన వస్తువులేమిటో లెక్క చూడండి. వెదురు చేట, కొబ్బరి ఈనెల చీపురు, తాళ్లు, కర్ర, బల్ల, పేడ, ఎడ్ల గిట్టలు, మనుషుల చేతులు, గాలి. ఇనుప కొడవలి ఒక్కటి తప్ప తక్కినదంతా వందేళ్లకు మట్టిలో కలిసిపోయేదే. కొడవలి కూడా తుప్పుపట్టి పోతుంది, లేదా కొలిమిలో కాగి ఇంకో పనిముట్టు అవుతుంది. తెలుగునేలకు అన్నపూర్ణ అనిపించుకున్న సీమలో, చరిత్ర చక్కగా రాసిపెట్టి ఉన్న 19వ, 20వ శతాబ్దాల్లో, లక్షల ఎకరాల పంట ఒక్క రాతి పనిముట్టు లేకుండా కళ్లం దాటింది. రెండు వేల ఏళ్ల తర్వాత వచ్చే తవ్వకందారు తెనాలి దగ్గర మన పొలాల్ని తవ్వి, నూర్పిడి రాళ్లు దొరకలేదు గనక ఇక్కడ వరి పండలేదని రాస్తే మనం ఏమంటాం? ఆ మాటే ఇవాళ మనం మన పూర్వుల మీద అంటున్నాం.

దీనికి భట్టిప్రోలు ఇంకా గట్టి జవాబు. తెనాలి నుంచి రేపల్లె పోయే దారిలోనే ఉన్న ఆ ఊళ్లో 1892లో అలెగ్జాండర్ రీ స్తూపాన్ని తవ్వినప్పుడు శాసనాలు చెక్కిన రాతి కరండాలు బయటపడ్డాయి. లిపిని పరిశీలించిన బ్యూలర్ వాటిని క్రీ.పూ. 200 ప్రాంతానివన్నాడు. కుబేరకుడనే రాజు పేరు వాటిలో ఉంది. అంత పెద్ద స్తూపం కట్టిన ఇటుక పనివాళ్లు, కరండాలు చెక్కిన శిల్పులు, దానాలిచ్చిన గోష్ఠులు, భిక్షకు వచ్చే సన్యాసులు రోజూ తిన్నది ఎవరో పండించి నూర్చిన గింజే. ఆ నూర్పిడికి రాతి పనిముట్లు దొరికాయా? దొరకలేదు. అయినా భట్టిప్రోలు కాలంలో ఇక్కడ కళ్లాలు లేవని ఎవరైనా అన్నారా? అనలేదు, ఎందుకంటే అక్కడ శాసనం ఉంది, స్తూపం ఉంది, ధాన్యం ఉన్నట్టు వేరే ఆధారంతో మనం ఒప్పేసుకున్నాం. మరి శాసనం లేని కాలానికి వచ్చేసరికి అదే కళ్లానికి రాయి చూపించమని అడగడం ఏం న్యాయం? ఇంకో విషయం. బుద్ధుడి ధాతువు దాచడానికి రాయి కావలసి వస్తే ఆ కాలం వాళ్లు బయటినుంచి తెచ్చుకున్నారు. రాయి తేవడం వాళ్లకు చేతగాని పనేం కాదు. గింజ రాల్చడానికి దాని అవసరం లేకపోయింది, అంతే.

ఇక నూర్పిడికి రాయి కావాలన్న ఈ ఊహ ఎక్కణ్నుంచి వచ్చిందో చూద్దాం. పశ్చిమాసియాలో, మధ్యధరా తీరంలో నిజంగానే రాతితో నూర్చేవారు. వెడల్పాటి చెక్కబల్ల అడుగున వందల కొద్దీ చెకుముకి పలుకులు పొదిగి, దాని మీద మనిషి ఎక్కి నిలబడితే పశువులు గోధుమ పనల మీదుగా లాగేవి. క్రీ.పూ. మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత వారో తన వ్యవసాయ గ్రంథంలో దాన్ని వర్ణించాడు. స్పెయిన్‌లో, టర్కీలో, సైప్రస్‌లో 20వ శతాబ్దం దాకా అవి కళ్లాల్లో తిరిగాయి. స్పెయిన్‌లో కాంతలేహో అనే ఊరు ఈ బల్లలు చేయడానికే పేరుమోసింది. కాబట్టి అక్కడి తవ్వకాల్లో మెరుపు పట్టిన పలుకులు దొరికితే నూర్పిడి గురించి మాట్లాడటానికి ఆధారముంది. అక్కడ కూడా అదేమంత తేలిక వ్యవహారం కాదు. క్రీ.పూ. నాలుగు, మూడు సహస్రాబ్దాలనాటి పొడవాటి చెకుముకి పలుకుల్ని చాలాకాలం కొడవలి పళ్లనే అనుకున్నారు. పాట్రీషియా ఆండర్సన్ సూక్ష్మదర్శిని కింద వాటి అరుగుదలను, తను స్వయంగా నూర్పిడి చేయించి అరగదీసిన పలుకుల అరుగుదలతో పోల్చి, వాటిలో చాలా భాగం నూర్పిడి బల్లకు పొదిగినవని వాదించేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. రాయి చేతిలో ఉన్నవాళ్లే దాని పనిని పొరబడ్డారు. రాయి లేనివాళ్లు పనే చేయలేదని తేల్చడం దానికి రెండాకులు ఎక్కువ.

పైగా ఆ బల్ల పుట్టడానికి ఆ నేల కారణాలు ఆ నేలకున్నాయి. చెకుముకి పలుకులు గింజను విడదీయడంతో పాటు గోధుమ కాండాన్ని సన్నగా తుంచేస్తాయి. ఆ పొట్టు పశువులకు మేత, ఇటుక మట్టిలో కలిపే పదార్థం. మన వరిగడ్డికి తుంచడమంటే నాశనమే. గడ్డి పొడుగ్గా నిలబడితేనే వామి, ఇంటి కప్పు, వెంటి తాడు, పురి. తుక్కుగా చేసే పనిముట్టును మన కళ్లంలోకి రానిచ్చేవాడే లేడు. ఇవాళ కోత యంత్రం గడ్డిని నలిపి పారేస్తుంటే పాడి రైతు పడుతున్న బాధ దీనికి తార్కాణం. రాతి బల్ల మనకు లేకపోవడాన్ని వెనకబాటుగా చూసేవాళ్లు ముందు గడ్డికి విలువ కట్టడం నేర్చుకోవాలి.

అసలు మన దక్షిణాది తొలి రైతుల పంట ఏమిటో కూడా చూడాలి. పురావస్తు శాస్త్రవేత్తలు డోరియన్ ఫుల్లర్, రవి కొరిసెట్టర్ తదితరులు బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల కొత్తరాతియుగపు బూడిదకుప్పల దగ్గర, ఊళ్ల దిబ్బల్లో మట్టిని నీళ్లలో కలిపి, తేలిన బొగ్గు గింజల్ని వడగట్టి చూశారు. జమ్మలమడుగు దగ్గరి పెద్దముడియం వంటి చోట్ల వాళ్లకు దొరికినవి ప్రధానంగా అండుకొర్రలు, కొర్రజాతి చిన్న గింజలు, పెసలు, ఉలవలు. వరి కాదు. ఇవాళ ఆరోగ్యం పేరిట పట్నాల్లో కిలోల లెక్కన కొంటున్న అండుకొర్రలే నాలుగు వేల ఏళ్ల నాటి మన కూడు. వరి ఆ మెట్టల్లో ముఖ్యమైన పంట అయింది చాలా ఆలస్యంగా, ఇనుము కాలం వచ్చాకే.

ఈ చిరుగింజల గుణం తెలిస్తే మొత్తం వాదన తలకిందులవుతుంది. కొర్రల్లాంటి వాటి కంకిని కర్రతో నాలుగు దెబ్బలు వేసినా, కాళ్లతో తొక్కినా గింజ రాలుతుంది. నూర్పిడి పెద్ద బెడద కాదు. కష్టమంతా దాని తర్వాత. గింజను అంటిపెట్టుకున్న పొట్టు అంత తేలిగ్గా ఊడదు. దంచాలి, చెరగాలి, మళ్లీ దంచాలి, మళ్లీ చెరగాలి. అక్కడ రాయి కావాలి. దొరికింది కూడా అక్కడే. బళ్లారి దగ్గరి సంగనకల్లు, కుప్‌గల్ కొండల మీద బండల్లోనే అరిగిన గుంటలు, నూరిన పల్లాలు ఇప్పటికీ కనిపిస్తాయి. కదిలించగల నూరుడురాళ్లు పొలాల్లో పడి ఉంటాయి. కానీ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ కాలం నుంచి మ్యూజియం బీరువాలో మెరిసేది గొడ్డలి. 1904లో మద్రాసు మ్యూజియం కొన్న ఆయన సేకరణలోనూ ఆ గొడ్డళ్లున్నాయి. నూరుడురాయి బరువు, మోయలేం, అందంగా ఉండదు. దాన్ని చాలావరకు అక్కడే వదిలేశారు. నా ఉద్దేశంలో ఇది బరువు సమస్య ఒక్కటే కాదు. గొడ్డలి మగవాడి చేతిలో ఊహించుకున్న వస్తువు, రోలు ఆడదాని ముందర ఊహించుకున్నది. ఒకదానికి యుగం పేరు పెట్టారు, రెండోదాన్ని ఇంటి సామాను కింద జమకట్టారు. కానీ గింజ అన్నం కావడానికి పట్టే శ్రమలో సింహభాగం రోలు దగ్గరే జరిగింది. మన దంపుళ్ల పాటలు అన్ని ఉన్నది ఊరికే కాదు, ఆ పనికి పట్టే గంటలు అలాంటివి.

ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పేవాళ్లున్నారు. సరే, నూర్పిడికి రాయి అక్కర్లేదనుకుందాం, ఎడ్లతో తొక్కించడం అంత పాతదని ఎలా చెప్పగలరు? న్యాయమైన ప్రశ్నే. ఎడ్లతో నూర్చారని నేరుగా చూపించగల అచ్చు నా దగ్గర లేదు. కానీ ఎడ్లున్నాయని చూపగలను. పాలమూరు సీమలో ఉట్నూరు బూడిదకుప్పను 1957లో రేమండ్ ఆల్చిన్ తవ్వినప్పుడు కంచె గుంజల గుంటలతో పాటు, ఆ దొడ్లో తిరిగిన పశువుల గిట్టల అచ్చులు గట్టిపడిన నేల మీద అలాగే బయటపడ్డాయి. క్రీ.పూ. మూడో సహస్రాబ్దానివి. ఆ బూడిదంతా కాలిన పేడ అని తేలింది. తర్వాత బూదిహాళ్‌లో కాట్రగడ్డ పద్దయ్య జరిపిన తవ్వకాలు ఆ పశువుల కాపరుల జీవితాన్ని ఇంకా వివరంగా బయటపెట్టాయి. చేతిలో వందల పశువులు, కాలి కింద పేడతో గట్టిపడ్డ నేల, పక్కన గింజలు పండించే చేలు ఉన్నవాళ్లకు, కంకుల మీద పశువుల్ని నడిపిస్తే గింజ రాలుతుందని తెలియడానికి ఎంత కాలం పడుతుంది? ఇది ఊహే. కాని గొడ్డలి చూసి సేద్యాన్ని ఊహించడం కన్నా ఈ ఊహకు కాళ్లున్నాయి. ఎడ్లతో కాకపోతే కర్రతో, కర్ర కాకపోతే కాళ్లతో. చిన్న ఊరు, చిన్న పంట. ఏ దారిన చూసినా రాయి రాదు.

మెట్ట ప్రాంతాల్లో జొన్న కళ్లాల మీద దొర్లించే రాతి గుండును చూపించి అదిగో ఆది పనిముట్టు అనేవాళ్లూ ఉన్నారు. ఆ గుండు మీద ఉలి దెబ్బలు చూడకుండా మాట్లాడే మాట అది. ఇనుప ఉలి, ఇరుసు, కాడి అన్నీ సమకూరాక తయారైన వస్తువును కొత్తరాతియుగపు లెక్కలో వేయడానికి రాయి అన్న కారణం ఒక్కటే చాలా?

మళ్లీ మన డెల్టాకి వద్దాం. ఆరేడు వేల ఏళ్ల కిందట సముద్రం ఇప్పటికన్నా చాలా లోపలికి ఉండేది. బాపట్ల చుట్టుపక్కల ఒకదాని వెనక ఒకటిగా సాగే ఇసుక మెరకలు ఆ పాత తీరాలే. రేపల్లె కింది భాగం చాలా వరకు ఆ తర్వాత కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు. నాలుగు వేల ఏళ్ల నాటి నేల ఎక్కడైనా ఉంటే అది వరదల మట్టి కింద, పొలం పైనుంచి చూసేవాడి కంటికి ఆనని లోతులో ఉంటుంది. బళ్లారి కొండ మీద రాతి గొడ్డలి దొరకడానికి నడిస్తే చాలు, ఇక్కడ దొరకాలంటే మీటర్ల కొద్దీ దిగాలి. రెండు చోట్లా ఒకే తీరులో పైపైన వెతికి, ఒకచోట ఉంది ఇంకోచోట లేదు అనడం వెతికినవాడి సోమరితనం. డెల్టా అంచుల్లో వెతికిన చోట కనపడనే లేదా? గన్నవరం పక్క కేసరపల్లిలో 1962లో తవ్వినప్పుడు అడుగున తామ్రశిలాయుగపు పొర తగిలింది. ఎగువన నాగార్జునకొండ లోయలో కొత్తరాతియుగపు ఇళ్లు, సమాధులు ఉన్నాయి. నది ఆ మనుషుల్ని పల్నాడు దాకా తెచ్చి అక్కడ ఆపేసిందా?

ఇదంతా చదివి, చూశారా, మా డెల్టా ఆదినుంచీ వరి సీమే అని జబ్బలు చరుచుకునే మరో జట్టు ఉంది. వాళ్లకూ నా వాదనతో పని లేదు. కాటన్ ఆలోచనతో బెజవాడ దగ్గర 1855కి ఆనకట్ట పూర్తయ్యేదాకా ఈ నేలలో చాలా భాగం వానను నమ్ముకున్న మెట్ట, జొన్న, ఆరిక, వరిగ పండిన నేల. 1832-33 నందన కరువు గుంటూరు సీమను అంతగా ఊడ్చేసిందంటే కాల్వ నీళ్లు లేకపోవడం ఒక పెద్ద కారణం. ఎగుడుదిగుడు లేని పచ్చటి వరి మడి ఇక్కడ నిన్నగాక మొన్నటిది. ఆది రైతును వెతకాలంటే వరి కోసం కాదు, చిరుగింజల కోసం, రెండో పంటగా రేపల్లె మాగాణుల్లో ఇప్పటికీ వేస్తున్న పెసర లాంటి వాటి కోసం వెతకాలి.

వెతికే పద్ధతి ఖరీదైందేం కాదు. నూర్చిన చోట మిగిలేది తాలు, పొట్టు, ఊక. అవి కాలితే బొగ్గుగా నిలుస్తాయి. కాలకపోయినా వాటిలోని ఇసుక పదార్థం సూక్ష్మ రేణువులుగా మట్టిలో వేల ఏళ్లు ఉంటుంది, ఏ గింజదో చెప్పేస్తుంది. కుండ పెంకుల్లో, పాత ఇటుకల్లో ఊక అచ్చులు ఉంటాయి. భట్టిప్రోలు ఇటుక ఒకటి విరిచి చూస్తే కళ్లం సంగతి గొడ్డలి కన్నా నిజాయతీగా చెప్పగలదు. మట్టి, నీళ్లు, సన్న జల్లెడ, ఓపిక ఉంటే చాలు. బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది. దేశమంతా తినే సాంబమసూరి వంగడం, బీపీటీ 5204, ఈ ఊరి పేరుతోనే బయటికెళ్లింది. గింజను గుర్తుపట్టగలిగిన కళ్లు ఈ జిల్లాలో ఉన్నాయి. పురావస్తు శాఖ వాళ్లు గుంట తవ్వేటప్పుడు ఆ కళ్లను పక్కన కూర్చోబెట్టుకుంటే చాలు.

గుంటలు తవ్వడానికి మనకు కొరత లేదు. రేపల్లె, నిజాంపట్నం వైపు చేపల, రొయ్యల చెరువుల కోసం ఏటా పొక్లెయిన్లు దిగుతున్నాయి, ఆ మట్టి గట్లకూ రోడ్లకూ వెళ్లిపోతోంది. ఎప్పుడో విగ్రహమో నాణేల కుండో బయటపడితే పేపర్లో ఫోటో వస్తుంది. గట్టు కోతలో బొగ్గు చారలు, కుండ పెంకులున్న నల్లటి పొర కనిపిస్తే తవ్వేవాళ్లు ఎవరికీ చెప్పరు, చెప్పాలని ఎవరూ వాళ్లకు చెప్పలేదు. చెరువు అనుమతి కాగితంతో పాటు ఆ పొర ఎలా ఉంటుందో, కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలో చెప్పే ఒక్క పేజీ ఇస్తే సరిపోతుంది. అందులో రాతి గొడ్డలి బొమ్మ మాత్రం వేయకండి.